ఆపినా ఆరని వేడి

రత్నాచల్ దిగి బాబాయ్ వాళ్లింట్లో భోంచేసి, సాయంత్రం ఇద్దరం ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి చూడ్డానికి వెళ్లాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. లోపల వంగి వంగి నడవాలి. నేవీలో రిటైరైన గైడ్ గారు కాలితో నేలను తట్టి, "బ్యాటరీలు దీని కిందే. లోతుకు మునిగాక డీజిల్ ఇంజన్లు నడవవు, ఇవే దిక్కు" అన్నారు.

ఆ మాటతో నా మనసు జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రానికి పోయింది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి అక్కడ కరెంటు మొత్తం పోయాక, సిబ్బంది ఆవరణలోని కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి మీటర్లకు తగిలించారు. రియాక్టర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో చూడ్డానికి!

ఇసుకలో కూర్చున్నాక బాబాయ్ అడిగాడు. "భూకంపం రాగానే రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయన్నారు కదరా, మరి ఎలా కరిగాయి?"

చిక్కంతా అక్కడే ఉంది. రియాక్టర్‌ని ఆపిన క్షణంలో కూడా దాని పూర్తి వేడిలో 6 శాతం పైగా మిగులుతుంది. అది తగ్గుతుంది గానీ ఆరదు, రోజుల తరబడి నీళ్లు తిరుగుతూనే ఉండాలి. అక్కడ సునామీ అంచనా సుమారు 6 మీటర్లే, వచ్చిన అల సుమారు 14 మీటర్లు. పంపులు నడపాల్సిన డీజిల్ జనరేటర్లలో చాలావరకు నేలమాళిగల్లో ఉన్నాయి, మునిగిపోయాయి. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా ప్లాంటును మాత్రం 14 మీటర్ల పైచిలుకు ఎత్తున కట్టారు. అది నిలబడింది, ఊళ్లో ఇళ్లు పోయినవాళ్లు దాని జిమ్‌లోనే తలదాచుకున్నారు.

మన దగ్గరా 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలు లేచాయి, కేబుళ్లు కాలి సుమారు 17 గంటలు ప్లాంటు చీకట్లో ఉంది. మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్లు పట్టించి గట్టెక్కించారు. ఆ సిబ్బందికి చేతులెత్తి మొక్కాలి.

మర్నాడు గోపాలపట్నం దాటి ఆర్.ఆర్. వెంకటాపురం వెళ్లాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ ఆవిరి కమ్మి 12 మంది పోయిన ఊరు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగే ఉంది, ట్యాంకులో సరుకు మాత్రం తనంతట తానే వేడెక్కింది. బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రి డాబా మీద హుద్‌హుద్ కబుర్లు చెప్పాడు. 2014 అక్టోబర్ 12 తర్వాత వాళ్ల వీధికి ఆరు రోజులు కరెంటు లేదట, కారు బ్యాటరీతోనే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాడట. చెట్లు పడి వాటర్ ట్యాంకర్ కూడా రాలేదట.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకున్న రియాక్టర్లకు నెత్తినే నీళ్ల ట్యాంకు ఉంటుంది, కరెంటు లేకపోయినా 72 గంటలు చల్లబరుస్తుంది. ఫుకుషిమాలో లేని ఏర్పాటు, మంచిదే. ఆ తర్వాత చిన్న పంపులతో దాన్ని మళ్లీ నింపాలి.

"ఆ పంపులు, వాటి డీజిల్ ఎంత ఎత్తున పెడతారు?" అన్నాడు బాబాయ్.

ఆ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని, మర్నాడు తిరుగు రైలెక్కాను.