చిన్న బండి ఆలస్యం

పర్లాకిమిడిలో చదివినవాళ్లకి చిన్న బండి సంగతి చెప్పక్కర్లేదు. నౌపడా నించి గుణుపూరు దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేది. పర్లాకిమిడికి 1900లో వచ్చింది, గుణుపూరు చేరింది 1931లో. తేదీలు రాస్తున్నాను గాని, ఆ బండికి తేదీలే ఉన్నాయి, టైములు లేవు.

కాశీనగర్ వైపు నించి వచ్చేవాళ్లం ఎనిమిది మందిమి. బండి లేటయితే ప్రేయరు అయిపోయేది, ఇంక బెత్తం దెబ్బలకి చేతులు చాపడమే. ఏడో తరగతి దాకా అలాగే గడిచింది. ఎనిమిదిలో కొత్త హెడ్మాస్టారు వచ్చారు. మొదటి వారం ఏమీ అనలేదు. రెండో సోమవారం పొద్దున్న చూద్దుం కదా, కాశీనగర్ స్టేషన్లో చేతిసంచితో నిలబడి ఉన్నారు! బండి ముప్పావుగంట లేటు. మాతో పాటే బడికి ఆలస్యంగా వచ్చారు. గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు మా వరస చివర ఆయన్ని చూసి బెత్తం వీపు వెనక్కి పెట్టేసుకున్నారు.

మర్నాడు నోటీసు. మొదటి పీరియడు పాఠం ఉండదు, తోటపని. బండి వాళ్లు ఎప్పుడొస్తే అప్పుడు చెయ్యి కలపొచ్చు, పాఠం పోదు. నూతి దగ్గర వృథాగా పారే నీళ్లకి కాలవ తీసి మునగ, అరటి, మామిడి పాదుల్లోకి మళ్లించాం. మధ్యాహ్నం తిన్న అడ్డాకుల విస్తర్లన్నీ ఎరువు గోతిలోకే. ఈమధ్య మా ఆఫీసు శిక్షణలో రెండ్రోజులు కూర్చోబెట్టి సుస్థిరత, సహానుభూతి అంటూ తెర మీద బొమ్మలు చూపించారు. నాకు ఆ కాలవే కనబడుతూ ఉంది. మొక్కల మీద ప్రేమతో కాదు, బండి వేళకి రాక పుట్టిన తోట అది.

ఇక పుస్తకాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి తెలుగువాళ్లం ఒడిషాలో ఉండిపోయాం కదా, ఆ సంగతి బళ్లు తెరిచినప్పుడల్లా గుర్తొచ్చేది. ఒడియా పుస్తకాలు చేతికొచ్చి అట్టలు వేసుకోవడం కూడా అయ్యేది, తెలుగువి దసరాకైనా వస్తే గొప్ప. మాస్టారు ఎవరికీ అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. పరీక్షల ఆఖరి రోజున ఎవరి పుస్తకాలు వాళ్లు బీరువాలో పెట్టి వెళ్లాలన్నారు. సెలవుల్లో పెద్ద తరగతుల వాళ్లం బైండు కట్టేవాళ్లం. మైదా జిగురు ఉడుకుతుండగా చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. ఆ చిటికెడు మాత్రం ఆయనే వేసేవారు, విషం కదా. తెల్లటి జిగురు లేత నీలానికి తిరిగేది. పాత క్యాలెండర్లు అట్టలయ్యేవి, లెక్కల పుస్తకం మీద వెంకటేశ్వరస్వామి సగం కనబడేవాడు.

కొనుక్కోగలిగినవాళ్లకీ పాతవే. రైసుమిల్లు షావుకారుగారబ్బాయికీ, మాస్టారి సొంత కొడుక్కీ కూడా. షావుకారుగారు వచ్చి పోట్లాడారు. "మీవాడొక్కడు కొత్తది తెస్తే, తక్కిన నలభైమందివీ పాతవైపోతాయండీ" అన్నారు మాస్టారు. వరండాలో కిటికీ పక్క నిలబడి స్వయంగా విన్నాను.

లెక్కలు మాత్రం బాగా చెప్పేవారు కాదు. కోపం వస్తే నెలల తరబడి ఎవరితోనైనా మాట మానేసేవారు. కాని తొమ్మిదిలో చేరిన సవర గిరిజన కుర్రాడి దగ్గర రోజుకో మాట నేర్చుకునేవారు. "గిడుగువారు ఈ ఊళ్లోనే మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారురా, నాకు పది మాటలైనా రావద్దేటి?" అనేవారు. ఆయన ఉచ్చారణకి ఆ కుర్రాడు పడిపడి నవ్వేవాడు. ఆ బళ్లో వాడు నవ్వడం అదే మొదలు.

2004లో చిన్న బండి ఆగిపోయింది, 2011లో పెద్ద బండి వచ్చింది. మునగలు ముందే పోయాయి. మామిళ్లలో మూడు 2018 తిత్లీ తుపానుకి కూలాయి.

నేనిప్పుడు బరంపురంలో పద్దెనిమిది మంది పని చూసే ఉద్యోగంలో ఉన్నాను. నిరుడు ఒకమ్మాయి రోజూ పావుగంట ఆలస్యంగా వస్తోందని మెమో ఇచ్చాను. ఇచ్చాక అడిగాను, ఎందుకమ్మా లేటని. ఛత్రపురం నించి వచ్చే బస్సు టైము మార్చేశారుట. మెమో వెనక్కి తీసుకున్నాను. ఆ అమ్మాయి నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది.