మానిటర్ ఫొటో చాలదు

ఇంగ్లండ్‌లో ఐసీయూ నర్సునని దేవరకొండ నుంచి మిర్యాలగూడ దాకా మా చుట్టాలందరికీ తెలుసు. ఎవరు ఆస్పత్రిలో చేరినా ముందు వాట్సాప్‌లో మానిటర్ ఫొటో, వెంటనే ఫోన్. "అక్కా, ఆక్సిజన్ 97 ఉంది. ఇగ టెన్షన్ లేదు కదా?"

ఆ ఒక్క అంకె చూసి ధైర్యం చెప్పలేను. మాస్కుతో ఆక్సిజన్ పెడుతుంటే, ఊపిరితిత్తులు దెబ్బతింటున్నా 97 కనిపించవచ్చు. అందుకే తిరిగి అడుగుతాను: నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద 97? రాత్రి ఎన్ని లీటర్లు పెట్టారు?

ఐసీయూలో పొద్దున రౌండ్స్‌లో మేం చూసేదీ ఇదే. సగటు బీపీ రాత్రంతా 65 దగ్గర నిలబడింది, బాగానే ఉంది. కానీ దాన్ని నిలబెట్టడానికి బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్ డోసు రెట్టింపు చేయాల్సి వచ్చిందంటే పేషెంటు కోలుకోవడం లేదు, దిగజారుతున్నాడు. గంట గంటకూ కంప్యూటర్‌లో చేరే లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తేనే అది తెలుస్తుంది. మందు పెంచాలా, వెంటిలేటర్ తీయొచ్చా అన్నది మాత్రం పేషెంటును చూసి డాక్టర్లే తేల్చాలి.

ఇక్కడి వార్డుల్లో, పేషెంటు దిగజారుతుంటే ముందే పసిగట్టడానికి న్యూస్ 2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు వాడతారు. దీన్ని ఇక్కడి డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించింది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం అన్నిటికీ పాయింట్లుంటాయి. ఆక్సిజన్ పెట్టారంటే దానికే 2. నిమిషానికి 25 సార్లు, ఆపైన ఊపిరి తీస్తే 3. మొత్తం 7కు చేరితే అత్యవసర టీమ్‌ను పిలవాలి. అర్ధరాత్రి పెద్ద డాక్టరును లేపడానికి కొత్త నర్సు కూడా జంకక్కర్లేదు, చేతిలో స్కోరుంది. నల్లగొండలో పనిచేసిన రోజుల్లో అలా లేపాలంటే నాకు గుండె దడదడలాడేది. ఇక్కడి పద్ధతుల్లో నేను అన్నిటికంటే గౌరవించేది దీన్నే.

మా చిన్నాయనకు నిమోనియా వచ్చినప్పుడు తమ్ముడితో అన్నాను: "మానిటర్‌లో ఊపిరి అంకె వద్దురా. ఆయన కదిలినా, దగ్గినా అది తప్పు చూపిస్తది. నిమిషం నిండా ఛాతీ చూసి లెక్కపెట్టు. గంటకోసారి టైమేసి రాయి."

20, 24, 28 అని రాశాడు. ఆక్సిజన్ మాత్రం 96, 97 దాటలేదు, తగ్గలేదు. ఆ కాగితం చూపిస్తే డ్యూటీ డాక్టర్ వచ్చి, పరీక్షించి, ఆ సాయంత్రమే ఐసీయూకి మార్చారు.