గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్: స్కేలు ఎక్కడ పెట్టాలి?

పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరా దూరం తెలిసేలా బొమ్మ గీయడం, నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో ఇంతకన్నా మంచి చోటు లేదు. చార్మినార్‌కి ఉత్తరాన ఉన్న పాత ఫౌంటెన్ గుల్జార్ హౌజ్ దాటి దక్షిణానికి తిరిగితే వీధి సూటిగా చార్మినార్ మీదికే పోతుంది. కట్టడం ముఖం మనకి ఎదురుగా ఉంటుంది కాబట్టి ఒక్క వానిషింగ్ పాయింట్ (మన నుంచి దూరంగా పోయే గీతలన్నీ కలిసినట్టు కనిపించే చుక్క) చాలు.

ఏ3 కాగితం నిలువుగా పెట్టండి, అడ్డంగా పెడితే మీనార్ల కొనలకి చోటు చాలకపోవచ్చు. అడుగు నుంచి 10 సెం.మీ. ఎత్తులో 2హెచ్ పెన్సిల్‌తో పలచగా కంటి గీత, అంటే మీ కంటి ఎత్తుని చూపే అడ్డగీత, గీయండి. నేల నుంచి మీ కంటి దాకా 1.5 మీటర్లు అనుకుందాం. నేల చదునుగా ఉన్నంతవరకూ కాగితంలో ఏ చోటైనా, నేలకీ ఆ గీతకీ మధ్య దూరమంటే 1.5 మీటర్లే. కొలతలన్నీ దీన్నుంచే వస్తాయి. చార్మినార్ పాదం గీతకి 6 మి.మీ. కింద పడిందా? అక్కడ 1 మీటరంటే 4 మి.మీ. కట్టడం ఒక్కో వైపు 20 మీటర్లు, అంటే కాగితం మీద వెడల్పు 8 సెం.మీ. మీ ఎత్తున్న మనుషులందరి కళ్లూ, దగ్గరివాళ్లైనా దూరంవాళ్లైనా, ఆ గీత మీదే ఉండాలి. దూరంగా ఉన్నవాళ్ల తలలు పైకి పోయాయంటే వాళ్లు గాల్లో నడుస్తున్నట్టే.

వానిషింగ్ పాయింట్‌ని చార్మినార్ నడిమధ్యన పెట్టేయడం అందరూ చేసే తప్పు. అది కంటి గీత మీద, మీ కంటికి సూటిగా ఎదురుగా ఉండే చుక్క. వీధి మధ్య నుంచి 3 మీటర్లు కుడికి జరిగి నిలబడితే, చుక్క కూడా కట్టడం మధ్యకి 1.2 సెం.మీ. కుడికి జరగాలి. అక్కడ గుండుసూది గుచ్చి దారం కట్టుకుంటే దుకాణాల చూరులూ మెట్లూ స్కేలు లేకుండానే కుదురుతాయి.

దుకాణాల స్తంభాల మధ్య దూరం కళ్లతో అంచనా వేయకండి. మొదటి రెండు స్తంభాలు గీసి, వాటి నడుముల (సగం ఎత్తుల) మీదుగా చుక్క దాకా ఒక గీత, పాదాల మీదుగా చుక్క దాకా ఇంకో గీత (నేల గీత) లాగండి. మొదటి స్తంభం పైకొన నుంచి రెండో స్తంభం నడుము మీదుగా ఏటవాలు గీత దించితే, అది నేల గీతని తాకిన చోటే మూడో స్తంభం. పత్తర్‌గట్టీ రాతి కమాన్లకీ ఇదే కిటుకు. కమాను శిఖరం మాత్రం రెండు స్తంభాల మధ్య స్కేలుతో కొలిచిన సగంలో రాదు. ఒక స్తంభం పైకొనని ఇంకో స్తంభం పాదంతో కలిపిన రెండు గీతలు ఖండించుకున్న చోటికి సరిగ్గా పైన వస్తుంది.

ఇక మీనార్ల బాల్కనీలు. లాడ్ బజార్ చేతి గాజు ఒకటి పడుకోబెట్టినట్టు పట్టుకుని కంటికి పైకి ఎత్తి చూడండి: మనవైపు అంచు ఇంద్రధనుస్సులా పైకి వంగుతుంది. ఎంత పైకెత్తితే అంత వంపు. చాలామంది దీన్ని తిప్పి, నవ్వే పెదవిలా గీస్తారు. అప్పుడు మీనారుని మేడ మీంచి చూస్తున్నట్టుంటుంది.

ఫోన్ పైకెత్తి తీసిన ఫొటో చూసి గీస్తే మీనార్లు లోపలికి వాలతాయి, ఎందుకంటే నిలువు గీతలకి ఇంకో వానిషింగ్ పాయింట్ వచ్చి చేరుతుంది. ఒంటి చుక్క బొమ్మలో నిలువువి నిలువుగానే ఉండాలి. అడ్డదిడ్డంగా ఆపిన ఆటోకి మాత్రం వేరే చుక్కలు ఉంటాయి, అయితే అవీ అదే కంటి గీత మీద, చాలాసార్లు కాగితం బయట.