లాం దారిలో ఒంగోలు గిత్తలు

విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి కావడంతో ఒంగోలు గిత్త అంటే నాకు తెలిసినదల్లా సంక్రాంతి పోటీల ఫ్లెక్సీల మీద కనిపించే బొమ్మే. 2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవు మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన దాని పూర్తి విలువ 40 లక్షల డాలర్లు దాటిందన్న వార్త చదివి, అది మన ఒంగోలు రక్తమేనన్న గర్వంతో గుంటూరులోని మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన సంతోషించలేదు సరికదా, "అక్కడి ఆవు సంగతి సరేలేరా, ఇక్కడ గంటన్నర దూరంలో ఉన్నదాన్ని ఎప్పుడైనా దగ్గరికెళ్లి చూశావా?" అని అడిగారు. ఆ మాట తగిలి, ఫిబ్రవరి మొదట్లో ఒక శుక్రవారం తెల్లవారకముందే బయలుదేరి, వారధి దాటి, మంగళగిరి, కాజ మీదుగా గుంటూరు చేరుకుని, ఆయన్ను ఎక్కించుకుని అమరావతి రోడ్డు పట్టాను. గోరంట్ల దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు కారు అద్దాలు ఎత్తుకోక తప్పలేదు.

లాంలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశు పరిశోధనా కేంద్రం ఉంది. ముందుగా అనుమతి తీసుకున్నాం కాబట్టి అక్కడి పశువైద్యుడొకరు మమ్మల్ని వెంటబెట్టుకుని పాకలన్నీ చూపించారు. నేను తిన్నగా మూపురం ఎత్తు చూసి నోరు తెరిచాను. "ముందు కాళ్లు చూడరా, కొమ్ములూ మూపురమూ ఆఖరున చూద్దువుగాని" అన్నారు మామయ్య. గిట్టలు దగ్గరగా మూసుకుని ఉన్నాయా, వెనక కాళ్లు నడకలో ఒకదానికొకటి రాసుకుంటున్నాయా, నడుము వాలిందా అన్నవి చూశాకనే ఆయన చూపు పైకి వెళ్లింది. కొమ్ములు ఈ జాతికి పొట్టివి, మొదట్లో లావు. కంటి చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లని వలయం ఉంటుంది. ఒళ్లంతా తెలుపే అయినా ఆబోతుకు తల, మెడ, మూపురం మీద బూడిద రంగు కమ్ముతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం అంతకంటే చిన్న విషయం. డాక్టరుగారు ఒక ఆవు పక్క మీది వెంట్రుకలను రెండు వేళ్లతో పాయ తీసి చూపిస్తే, మల్లెపువ్వులాంటి ఆ తెలుపు కింద చర్మం నల్లగా ఉంది. తెల్లని వెంట్రుకలు ఎండను వెనక్కి కొడతాయి, నల్లని చర్మం ఎండ తాకిడికి కమిలిపోకుండా కాస్తుంది. అదే సమయంలో ఒక ఈగ వాలడమూ, ఆ మేరకు మాత్రమే చర్మం చటుక్కున వణికి దాన్ని లేపేయడమూ జరిగాయి, తోక కదలనేలేదు. మన ఎండలకు తట్టుకునే ఈ ఒంటితీరు కోసమే పంతొమ్మిదో శతాబ్దిలో ఈ పశువులను బ్రెజిల్‌కు ఓడలెక్కించారని, అక్కడ వీటిని మాంసం కోసం పెంచి తమకు కావలసిన పద్ధతిలో మలుచుకున్నారని ఆయన వివరించారు. అక్కడ ఈ జాతి పేరు ఒంగోలు కాదు, నెలోర్. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా అన్నది 1970లో గాని పుట్టలేదు. కనుక నెల్లూరు పేరు సముద్రం దాటిందని అలిగే ఒంగోలు మిత్రులు కొంత శాంతించవచ్చు.

ఈ జాతిని ఇంత తీర్చిదిద్దినదెవరు అన్న నా ప్రశ్నకు వచ్చిన జవాబు నేను ఊహించనిది. పోయినవారి పేరిట తొడ మీద త్రిశూలమో చక్రమో అచ్చు వేసి ఒక కోడెను ఊరి మీదికి వదిలే ఆచారం ఇటువైపు ఉండేది. ఏదో ఒక దూడను తోలేస్తే ఊరు ఒప్పుకునేది కాదు. పెద్దలు కూర్చుని, తల్లి పాడి, తండ్రి బలం విచారించి మేలైనదాన్నే ఎంచేవారు. అది ఎవరి చేలో పడి మేసినా అదిలించేవారే గాని కొట్టేవారు కాదు, ఎందుకంటే ఊళ్లో పుట్టబోయే దూడలకు అదే తండ్రి. పనీపాటూ లేకుండా తిరిగేవాణ్ణి "అచ్చోసిన ఆంబోతు" అని నేను ఎన్నిసార్లు తిట్టి ఉంటానో! ఆ ఆంబోతు చేసిన పనికి వాడే వీర్యం ఇప్పుడు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని క్యానులో, సన్నని గొట్టాల్లో భద్రంగా ఉంది.

అయితే గొట్టంలో దాచినంత మాత్రాన జాతి నిలవదని నాకు అనిపిస్తుంది, దాన్ని కట్టేసుకునే ఇల్లు ఉండాలి కదా. ఒంగోలు ఆవు ఒక ఈతలో ఇచ్చే పాలు సగటున 800 లీటర్లకు అటూఇటూ. ముర్రా గేదె ముందు ఆ లెక్క నిలబడదు. పొగాకు, పత్తి పండే నల్లరేగడిలో బరువైన నాగలిని లాగే ఎద్దుగా దానికి ఉన్న విలువను ట్రాక్టరు మింగేసింది. మిగిలినవి బండలాగుడు పోటీలు.

అందుకే తిరుగు దారిలో మామయ్య నన్ను ఆయనకు తెలిసిన ఒక రైతు కొట్టం దగ్గరికి తీసుకెళ్లారు. ఇంటి ముందు గది కంటే ఆ కొట్టమే శుభ్రంగా ఉంది. ఉలవలు ఉడుకుతున్న వాసన, నేల మీద ఇసుక, పైన ఫ్యాను. నేను ఫొటో కోసం ముందుకు వంగగానే ఫోను ఫ్లాష్ వెలిగి గిత్త బుస్సున తల విదిల్చింది. రైతు నన్నేమీ అనలేదు గాని ఫోను జేబులో పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత ముకుతాడు పట్టుకుని కింది పెదవి తెరిచి చూపించాడు. పై దవడకు ముందు పళ్లే ఉండవు. కింది వరసలో పాలపళ్లు ఊడి, రెండేసి చొప్పున పెద్ద పళ్లు వస్తాయి. పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అన్న విభాగాలు ఆ లెక్క ప్రకారమే పెడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. వేలు పెట్టకుండా కళ్లతోనే లెక్కపెట్టాను, ఆరు.

"బాబాయ్, మీ జత ఎప్పుడమ్మారు?" అని అడిగాడు రైతు. ట్రాక్టరు కొన్న ఏడాదే అని చెప్పి మామయ్య గిత్త పక్కకు వెళ్లారు. గంగడోలు కింద చెయ్యి పెట్టి నిమిరితే అది మెడ సాచింది. ఆయన ఆ మెడను జానతో కొలవడం మొదలుపెట్టారు. ఐదు జానల మీద నాలుగు వేళ్లు వచ్చింది.

"మా అటక మీద మువ్వల పట్టెడ ఉందిరా" అన్నారు రైతుతో, "నాలుగు వేళ్లు తక్కువొస్తుందేమో, తోలు అతికించుకుంటావా?"