అద్దె ఇంటి హాల్లోకి జంపఖానా

మియాపూర్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో నేలంతా తెల్లటి విట్రిఫైడ్ టైల్స్, గోడలూ తెలుపే. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. హాల్లో మాట్లాడితే గొంతు మోగేది. ఇలాంటి ఇంటికి కళ తేవాలంటే నేల మీద ఏదైనా పరచడమే దారి అనిపించింది నాకు.

ముందు కొలత తేల్చుకున్నాం. షాపులో 4×6 అడుగుల తివాచీ పెద్దగానే కనిపిస్తుంది, సోఫా ముందు వేస్తే టీపాయ్ కిందికే సరిపోతుంది. అందుకే పాత పేపర్లు అతికించి నేల మీద పరిచి చూశాం. 5×8 కూడా చాల్లేదు. సోఫా ముందు కాళ్లు తివాచీ మీదికి రావాలంటే మాకు 6×9 కావాలి. పేపర్ల మీదే అటూ ఇటూ నడిచి, తలుపు తగలకుండా తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకున్నాం.

ఏ రకం కొనాలన్న దగ్గరే ఇంట్లో పెద్ద చర్చ. మావారిది ఏలూరు వైపు, అక్కడి ఉన్ని తివాచీయే కావాలన్నారు. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. కానీ మాది రోడ్డు పక్క ఇల్లు, దుమ్ము ఎక్కువ, పైగా ఏప్రిల్ ఎండల్లో కాళ్ల కింద ఉన్ని అంటే నాకు మనసొప్పలేదు.

చేనేత ఎగ్జిబిషన్‌లో వరంగల్ కొత్తవాడ నూలు జంపఖానాల స్టాల్ దగ్గర మా చర్చ ముగిసింది. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన నేత అది. "తిప్పి చూడున్రి అమ్మా, రెండు దిక్కులా ఒక్క తీరే ఉంటది. ఒక దిక్కు మాస్తే ఇంకో దిక్కు ఏసుకోన్రి" అన్నాడు నేసిన ఆయన. నిలువు పోగులు బయటికి కనపడనంతగా అడ్డ పోగుల్ని పంజా అనే దువ్వెన లాంటి పనిముట్టుతో దగ్గరికి కొడతారట. చెయ్యి పెట్టి నిమిరితే సన్నటి గట్లు వేళ్లకు తెలుస్తాయి. నున్నటి టైల్స్ మధ్య నేను వెతుకుతున్నది ఆ గరుకుదనమే.

కొనే ముందు తడి తెల్ల రుమాలుతో రుద్ది చూశాను. ముదురు ఎరుపుది రంగు వదిలింది, నీలం, పసుపు చారలది వదల్లేదు. నీలందే తీసుకున్నాం. ముదురు రంగులు కొనేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

టైల్స్ మీద పల్చటి జంపఖానా జారుతుంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, నాకదే టెన్షన్. అడుగున రబ్బరు జాలీ షీటు వేశాం. దాన్ని నాలుగు వైపులా అంగుళం తక్కువకు కత్తిరిస్తే బయటికి కనపడదు. ఇప్పుడది కదలడం లేదు. హాల్లో మోత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, అందుకు మందపాటి కర్టెన్లు కూడా వేయాల్సి వచ్చింది.

వారానికోసారి మేడ మీద దులిపి, అప్పుడే తిరగేసి వేస్తాను. తడిస్తే నీడలోనే ఆరబెడతాను, ఎండలో రంగు వెలుస్తుంది. అత్తయ్య సోఫా మానేసి, పొద్దున కాసేపు దాని మీదే కాళ్లు చాపుకొని కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటారు. బెడ్‌రూమ్‌కు మాత్రం ఏలూరుదే అని మావారు పట్టుబట్టారు. సరేనన్నాను, మంచం పక్కన సన్నటి ముక్క చాలు.