తుంగభద్ర గాలం పట్టీ: కర్నూలు దగ్గర ఒక ఏడాది

నెల కంటే ముందు నీళ్ల రంగు చూసుకోవాలి. పైన సుంకేసుల ఆనకట్టలో గేట్లు ఎత్తారా దించారా అన్నదాన్ని బట్టే ఇక్కడ ఎర, సీసం, దారం మారతాయి.

మృగశిర, ఆరుద్ర

మడుగులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కొర్రమీను ఒడ్డు తుంగలోకి చేరింది. నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కిందే పెద్దవి కాపలా ఉంటాయి. కప్ప వేస్తే కొడతాయి, అయితే ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందని. వాటిని పట్టేస్తే పిల్లలన్నీ మిగతా చేపలకు మేతే. కాబట్టి గుంపు కనిపించిన చోట గాలం వేయడం లేదు.

ఎర్ర నీళ్లు

వరదకు నీళ్లు ఎర్రబడ్డాక బెండు (నీటిమీద తేలేది) పనికిరాదు, అడుగున వేయాల్సిందే. గుండ్రటి సీసం ప్రవాహానికి దొర్లిపోతోంది, 60 గ్రాముల బిళ్ల సీసానికి మారాక నిలబడింది. అడుగంతా బండలే కాబట్టి సీసం ఇరుక్కుంటుంది. అసలు దారం మందం 0.40 మి.మీ. అయితే సీసాన్ని కట్టేది 0.25 ఉండాలి, అప్పుడు లాగితే సీసం ఒక్కటే తెగుతుంది, చేప మిగులుతుంది. ఎరకు ఎర్రలు (వానపాములు) మూడు నాలుగు కలిపి గుచ్చాలి, ఈ బురదలో చేప వాసన పట్టే వస్తుంది. జెల్లలు ఎక్కువ, అప్పుడప్పుడు వాలుగ. వాలుగ పళ్లు నైలాన్‌ను రాపాడి తెంపుతాయి, గాలం పైన జానెడు స్టీలు తీగ కట్టాలి. జెల్లకు వీపు మీద, రెండు రెక్కల దగ్గర ముళ్లుంటాయి, తడి గుడ్డ లేకుండా పట్టుకోవద్దు.

నీళ్లలో పుల్లలు, నురగ ఉన్నట్టుండి పెరిగితే సామాను వదిలేసైనా గట్టెక్కాలి. 2009 అక్టోబరు 2న ఊళ్లోకే వచ్చిన నది ఇది. హంద్రి కలిసే చోట పట్టకపోవడమే మేలు, ఊరి మురుగంతా అక్కడికే వస్తుంది.

స్వాతి తర్వాత, తేట నీళ్లు

ఏడాదిలో అసలు పని ఇప్పుడే. ఎర ముద్దకు అర కిలో తవుడు, పావు కిలో శెనక్కాయల చెక్క పొడి, వంద గ్రాముల జొన్నపిండి. తవుడూ చెక్కా మాడకుండా వేయించి, నీళ్లు చిలకరిస్తూ కలిపి, ఇరవై నిమిషాలు మూతపెట్టాలి. చెక్క నీళ్లు నిదానంగా తాగుతుంది, తొందరపడి ఇంకా నీళ్లు పోస్తే ముద్ద జావవుతుంది. నిమ్మకాయంత ఉండ బకెట్లో వేసి చూడండి, మూడు నుంచి ఐదు నిమిషాల్లో విచ్చుకోవాలి. పడగానే చెదిరితే జొన్నపిండిని వేడినీళ్లతో పిసికి కలపాలి. రాయిలా ఉండిపోతే తవుడు పెంచాలి.

ముద్ద ఒకటే, లోతు వేరు. బొచ్చెకు బెండు కింద మూడు నాలుగడుగులు చాలు, అది పైనీళ్లలో తింటుంది. శీలావతికి నడిమధ్య, మోసుకు నేలకు ఆనాలి. దారం 0.25, గాలం 8వ నంబరు. పుష్యం చలిలో చేప మందంగా ఉంటుంది, ఎర బఠాణీ గింజంతకు తగ్గించి ఎండ ఎక్కాకే మొదలుపెట్టాలి. బెండు మునిగేదాకా ఆగొద్దు, పక్కకు జరిగినా లాగాల్సిందే.

ఎండాకాలం

నది మళ్లీ మడుగులైంది. అందరూ తెల్లవారుజామున వెళ్తారు, అది దండగ. పాచి ఉన్న మడుగులో రాత్రంతా ప్రాణవాయువు తగ్గి, పొద్దున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి, ఎర ముట్టవు. సాయంత్రం నాలుగు తర్వాత, గాలికి అలలు లేచే ఒడ్డున వేయండి. వద్దనుకున్న చేపను నీళ్లలోనే విడిపించాలి, వేడి బండ మీద పెడితే తిరిగి వదిలినా బతకదు.