రోహిణి కార్తెలో కడియం మొక్కల బేరం

కడియం నర్సరీల్లో మొక్కలు చవగ్గా కావాలంటే రోహిణి కార్తెలో వెళ్లాలి. మామూలుగా అందరూ తొలకరి పడ్డాక వెళతారు. అప్పటికి లోడింగు హడావుడి మొదలై, ఇంటికి నాలుగు మొక్కలు కొనుక్కునేవాళ్లతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మే నెలాఖరున బేరాలు పలచబడతాయి, నీళ్ల ఖర్చూ కూలీల ఖర్చూ మాత్రం ఆగవు. కిందటేటి నుంచి మిగిలిపోయిన సరుకును వదిలించుకుందామని వాళ్లకూ ఉంటుంది. కాకినాడలో మా ప్రహరీ పొడవునా పూలపొదలు వేయించాలనుకుంటే, ల్యాండ్‌స్కేపింగ్ ఆయన చెప్పిన రేటుకి మావారి మొహం మాడిపోయింది. దాంతో నేను మావయ్యగారిని వెంటబెట్టుకుని కెనాల్ రోడ్డు మీద బయల్దేరాను.

"రోళ్లు పగిలే ఎండల్లో మొక్కలేంటమ్మా" అని ఆయన ద్వారపూడి దాకా సణుగుతూనే ఉన్నారు. ఇప్పుడు కొంటాం, మృగశిర వచ్చాక నాటతాం అంటే వినరే!

కడియపులంకలో హైవే పక్కన ముందు వరసలో కనిపించేదంతా షోకు సరుకు. ఏనుగులూ నెమళ్లూ అంటూ కత్తిరించిన పొదలు, రంగురంగుల కుండీలు. అక్కడ గీచిగీచి బేరమాడి లాభం లేదు. "వెనకాల పాత సరుకేమన్నా ఉందాండీ?" అని అడగాలి. మొదట వెళ్లిన చోట లేదన్నారు. పక్క నర్సరీలో ఒక కుర్రాడు షేడ్‌నెట్లు దాటించి చివరి మడుల దగ్గరికి తీసుకెళ్లాడు.

నూరువరహాలు, నందివర్ధనం, గన్నేరు, కాగితంపూలు నడుం ఎత్తు పెరిగి ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. ఆకు పచ్చదనం తగ్గింది. జబ్బేమీ కాదు, కవరు ఇరుకైపోయింది, అంతే. ఒక నూరువరహాల మొక్కను పట్టుకుని లాగితే కదల్లేదు. కవరు అడుగు చిరిగి వేళ్లు నేలలోకి దిగిపోయాయి. చవకబేరంలో చూసుకోవాల్సింది ఇదే. అప్పటికప్పుడు పెకలించి బండెక్కిస్తే ఆ వేళ్లు పుటుక్కున తెగుతాయి, ఇంటికి చేరిన మర్నాటి నుంచి ఆకు రాలడం మొదలు.

"కదిపి నీడలో పెట్టించండి. పై వారం వచ్చి బతికినవాటికే డబ్బిచ్చి తీసుకెళతాను" అన్నాను. కదపడమంటే మొక్కను నేల నుంచి లేపి, బయటికొచ్చిన వేళ్లు కోసేసి, నీడలో నీళ్లు చల్లుతూ ఉంచడం. దూరం పంపే మొక్కలకు వాళ్లు ఎలాగూ చేసే పనే. ఆకంతా రాల్చినా మళ్లీ చిగురు తొడిగిందంటే ఇక ఆ మొక్కకు ఢోకా లేదు. నర్సరీ రైతు కాసేపు ఆలోచించి సరేనన్నారు. నూరువరహాలు 60 రూపాయలు చెప్పి 30కి దిగారు. మావయ్యగారు 20 దగ్గర మొండికేశారు. "మట్టి డబ్బులు కూడా రావు బాబాయిగారూ" అని ఆయన నవ్వేసి 25కి ఖాయం చేశారు. అడ్వాన్సు ఇచ్చి, మాకు నచ్చిన మొక్కలన్నిటికీ ఎర్ర రిబ్బను ముక్కలు కట్టి వచ్చాం.

రిబ్బను కట్టేముందు ప్రతి కాండాన్నీ గోటితో కొంచెం గీరి చూశాను. బెరడు కింద పచ్చగా ఉంటే బతికున్నట్టు. మందారాలు పదేసి రూపాయలకే ఇస్తామన్నా తీసుకోలేదు, ఆకుల అడుగున పిండినల్లి పట్టేసి ఉంది. అది ఒక్క మొక్క మీద ఇంటికొచ్చినా మిగతావాటికి పాకుతుంది. గులాబీలైతే చూడ్డానికి ఏపుగా ఉన్నాయి గానీ, వంగి చూస్తే అంటు కట్టిన కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది. పెరిగిందంతా అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కే, మనకు కావాల్సిన గులాబీ కాదు.

అసలు లాభం మెట్టతామరల్లో వచ్చింది. ఎండకు ఆకులు మాడి, పారేసేలా ఉన్నాయి. మనకు కావాల్సింది దుంప కదా! కుండీ పగిలిపోయేటంతగా దుంపలు ఊరి ఉన్నాయి. ఒక్క కుండీలోవి విడదీసి నాటితే గోడ మూలంతా నిండింది. గన్నేరు, కాగితంపూలు కావాలనే ఎక్కువ తీసుకున్నాను, మా బోరు నీళ్ల ఉప్పదనాన్ని అవి తట్టుకుంటాయి. గన్నేరు నిలువెల్లా విషమే కాబట్టి ఇంట్లో పసిపిల్లలుంటే దాని జోలికి పోకండి. మా పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, మొక్క వంక చూడను కూడా చూడరు.

పై వారం వెళ్లేసరికి కొన్ని ఎండిపోయాయి, ఎక్కువ శాతం చిగురేశాయి. టాటా ఏస్‌లో పొద్దుగూకాకే ఎక్కించాం. ఎండ కన్నా బండి వేగానికి కొట్టే గాలితోనే ఆకులు ఎక్కువ వాడిపోతాయి, అందుకని తడి గోనెసంచులు కప్పి పైన పట్టా బిగించాం. ఇంటికొచ్చాక మామిడిచెట్టు నీడలో ఉంచి పొద్దునా సాయంత్రం తడిపాను.

మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాక నాటాం. కవరు చించితే లోపల మట్టి కనిపించలేదు, వేళ్లు కొబ్బరిపీచులా చుట్టుకుపోయి ఉన్నాయి. బ్లేడుతో పక్కల నిలువుగా గాట్లు పెట్టి, పైకొమ్మలు మూడోవంతు కత్తిరించాను. కాగితంపూలకు మాత్రం గాట్లు పెట్టలేదు, దాని వేరు కదిలిస్తే ఒప్పుకోదు. ఇంకో చిక్కు మట్టితో. కడియం నుంచి వచ్చినది బంకమట్టి, మాది ఇసకనేల. గోతిలో ఎన్ని నీళ్లు పోసినా చుట్టూ ఇసకలోకి జారిపోతాయి, నడుమ ముద్ద పొడిగానే ఉంటుంది. అందుకని ప్రతి మొక్కనూ కవరుతో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగాకే తీశాను. గోతిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిచాం.

మొక్కలు నిలదొక్కుకున్నాక గేటు పక్కన ఖాళీ కనిపించి, జులైలో ఆ రైతుకే ఫోన్ చేసి ఇంకొన్ని నూరువరహాలు కావాలన్నాను. "60 అండీ, సీజను కదా" అన్నారు. మావయ్యగారు ఫోన్ లాక్కుని ఎంత గీచినా రూపాయి తగ్గలేదు. వచ్చే రోహిణి కార్తె దాకా గేటు పక్కన ఖాళీగానే ఉంచుదామని ఆయనే తేల్చేశారు.